హోమ్‌స్కూల్ పిల్లలు కాలేజీ గడప తొక్కేముందు: క్రైస్తవ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్న క్రైస్తవ కుటుంబాల కోసం ఈ జవాబులు రాశాం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లలున్నవాళ్ళకు ఇవి ఎక్కువగా పనికొస్తాయి. ఫీజులు, తేదీలు ఏటా మారతాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ దగ్గర పెట్టుకుని చదవండి.

ఇంట్లో చదివిన పిల్లలకు కాలేజీలో సీటు ఇస్తారా?

ఇస్తారు. కాలేజీ చూసేది పదో తరగతి, పన్నెండో తరగతి సర్టిఫికెట్లనే. పిల్ల ఏ బల్ల మీద కూర్చుని చదివిందో వాళ్ళకు అక్కర్లేదు, గుర్తింపు ఉన్న బోర్డు సర్టిఫికెట్ ఇచ్చిందా అన్నదే ముఖ్యం. బడికి వెళ్ళకుండా ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి మన రాష్ట్రాల్లో ఎక్కువమంది పట్టుకునే దారి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ. అందరూ ఎన్ఐఓఎస్ అంటారు. కేంద్ర ప్రభుత్వ బోర్డు కాబట్టి సీబీఎస్ఈ సర్టిఫికెట్‌కు ఎంత విలువో దీనికీ అంతే విలువ. తెలుగులో రాయాలనుకుంటే రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి.

తల్లిదండ్రులు ఎక్కువగా దెబ్బతినేది ఒక చోట ఉంది. అమెరికా నుంచి తెప్పించిన క్రైస్తవ పాఠ్యపుస్తకాలు పూర్తి చేయించి, చివర్లో ఇంట్లో ఇచ్చిన డిప్లొమానో, పుస్తకాలు అమ్మిన సంస్థ పంపిన సర్టిఫికెట్‌నో పట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్తారు. అది ఇక్కడ చెల్లదు. ఆ పుస్తకాలు ఎంత మంచివైనా బోర్డు పరీక్ష వేరే రాయించాల్సిందే. పాఠం మీ ఇష్టం, సర్టిఫికెట్ మాత్రం బోర్డుది. ఇది పదమూడో ఏటే తేల్చుకోండి.

ఎన్ఐఓఎస్‌లో ఎప్పుడు, ఎలా చేర్చాలి?

సెకండరీకి, అంటే పదో తరగతికి, 14 ఏళ్ళు నిండాలి. సీనియర్ సెకండరీకి 15 నిండి, పది పాసై ఉండాలి. సెకండరీలో చేరేటప్పుడు పాత బడి కాగితం లేకపోయినా, ఈ కోర్సు చదవగలిగేంత చదువుకున్నానని స్వయంగా రాసిచ్చే ధ్రువపత్రం ఒప్పుకుంటారు. పుట్టినతేదీకి మాత్రం గట్టి రుజువు కావాలి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి.

మన క్రైస్తవ కుటుంబాల్లో ఇక్కడే చిక్కు వస్తుంది. జనన పత్రంలో ఒక పేరు ఉంటుంది, బాప్తిస్మం తర్వాత సంఘంలో మరో పేరు వాడుకలోకి వస్తుంది, ఆధార్‌లో ఆ రెండూ కలిసిపోతాయి. ఏ పేరు ఉంచాలో నిర్ణయించుకుని, పదో తరగతి రిజిస్ట్రేషన్‌కు ముందే అన్నింటినీ సరిచేయించండి. పది మెమోలో పడిన పేరే ఆ తర్వాత జీవితమంతా నడుస్తుంది.

ప్రవేశాలు ఏడాదికి రెండు విడతలు. మార్చి మధ్యలో మొదలయ్యే విడతలో చేరినవాళ్ళు మరుసటి ఏడాది ఏప్రిల్-మే పరీక్షలు రాస్తారు. సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే విడతవాళ్ళకు మరుసటి ఏడాది అక్టోబరు-నవంబరు పరీక్షలు. అక్టోబరు విడతలో పన్నెండు పూర్తయితే ఫలితాలు వచ్చేసరికి ఆ ఏటి కాలేజీ ప్రవేశాలు అయిపోయి ఉంటాయి. పది, పన్నెండు మధ్య ఎడం కూడా గుర్తుంచుకోండి. పది పాసైన ఏడాదికి నాలుగు సబ్జెక్టుల వరకే రాయనిస్తారు, అయిదూ పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే రెండేళ్ళు కావాలి. తెలివైన పిల్ల కదా, ఏడాదిలో ముగిద్దాం అని లెక్కేసుకున్నవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు.

పాస్ కావడానికి అయిదు సబ్జెక్టులు కావాలి, అందులో కనీసం ఒక భాష ఉండాలి. పాస్ మార్కు 33 శాతం. థియరీలో వేరుగా, ప్రాక్టికల్‌లో వేరుగా తెచ్చుకోవాలి. రిజిస్ట్రేషన్ అయిదేళ్ళు చెల్లుతుంది, ఆలోగా తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు.

ప్రాక్టికల్స్ ఇంట్లో ఎలా?

ఇంట్లో కుదరదు. రిజిస్ట్రేషన్‌లో మీరు ఎంచుకున్న స్టడీ సెంటర్‌లోనే చేయాలి. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల్లో థియరీకి 80, ప్రాక్టికల్‌కు 20. ప్రాక్టికల్ పరీక్షలు థియరీకి ముందే జరుగుతాయి. ఆ తేదీ చూసుకోక గైర్హాజరైతే థియరీలో ఎన్ని మార్కులొచ్చినా ఆ సబ్జెక్టు పాసైనట్టు కాదు.

సెంటర్‌ను ఎంచుకునేముందు ఒకసారి వెళ్ళి ల్యాబ్ చూడండి. బ్యూరెట్, పిపెట్, మైక్రోస్కోపు పనిచేసే స్థితిలో ఉన్నాయా? సంపర్క తరగతులు, అంటే సెంటర్‌లో చెప్పే పాఠాలు, నిజంగా జరుగుతాయా? అలా లేకపోతే దగ్గర్లోని జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో సాయంత్రాలు చేయించడానికి అక్కడి లెక్చరర్‌తో మాట్లాడుకోండి. కనీసం పదిహేను పూటలు పిల్లల చెయ్యి తిరగాలి. టైట్రేషన్ వీడియోలో చూడటం వేరు, చివరి చుక్క దగ్గర చెయ్యి ఆపడం వేరు.

ట్యూటర్ మార్క్డ్ అసైన్‌మెంట్లకు, అంటే పిల్లలు రాసి పంపితే ట్యూటర్ దిద్ది మార్కులిచ్చే వాటికి, 20 శాతం వెయిటేజీ ఉంది. గడువులోగా పంపని పిల్లలు ఆ మార్కులు చేజేతులా పోగొట్టుకుంటారు.

ఇంజనీరింగ్, మెడికల్ ప్రవేశ పరీక్షలకు ఎన్ఐఓఎస్ పనికొస్తుందా?

పనికొస్తుంది. జేఈఈ మెయిన్‌కు ఎన్ఐఓఎస్ సీనియర్ సెకండరీలో కనీసం అయిదు సబ్జెక్టులు ఉండాలి. ఎన్ఐటీలకు మామూలుగా పన్నెండులో 75 శాతం గాని, తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో చోటు గాని కావాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం చాలు. నీట్ విషయంలో 2018లో ఓపెన్ స్కూలు పిల్లలను పక్కనపెడుతూ నిబంధన వస్తే ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది కొట్టేసింది. ఇప్పుడు ఆ అడ్డు లేదు. నీట్‌కు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. ఇంట్లో చదివి ముందే పూర్తిచేసిన పిల్లలు దీని దగ్గర ఆగాల్సి రావచ్చు.

ఏపీ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. ఎన్ఐఓఎస్ వాళ్ళు తమ మార్కులను డిక్లరేషన్ ఫారంలో వేరుగా పంపాలి. అది పంపకపోవడం వల్ల ర్యాంకు రానివాళ్ళు ఉంటారు. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు.

అసలు కష్టం అర్హత దగ్గర కాదు, వేగం దగ్గర. ఇంట్లో చదివిన పిల్లలు లోతుగా ఆలోచిస్తారు, గడియారం చూడరు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, నీట్‌లో 180 నిమిషాల్లో 180. పదిహేనో ఏటి నుంచి వారానికోసారి, ఇంట్లో కాకుండా బయట ఎక్కడైనా, తెలియనివాళ్ళ మధ్య కూర్చోబెట్టి పూర్తి నిడివి పరీక్ష రాయించండి. సంఘం హాలు వారం మధ్యలో ఖాళీగానే ఉంటుంది. నాలుగైదు కుటుంబాలు కలిస్తే సరిపోతుంది. మధ్యలో లేచి నీళ్ళు తాగడం, అమ్మను అడగడం ఉండకూడదు. బోర్డు పరీక్షకు కూడా మూడు గంటలు ఆపకుండా చేత్తో రాసే అలవాటు కావాలి. అది లేని పిల్లలకు రెండో గంటకే చెయ్యి పడిపోతుంది.

బడి స్టడీ సర్టిఫికెట్లు లేవు. లోకల్ కోటా ఎలా నిరూపించాలి?

కౌన్సెలింగ్ రోజున ఎక్కువమంది తడబడేది ఇక్కడే. స్థానికతకు మామూలుగా అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువు చూస్తారు. ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవనివాళ్ళు పరీక్షకు ముందు నాలుగేళ్ళూ ఆ ప్రాంతంలో నివాసమున్నట్టు చూపాలన్నది 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని పద్ధతి. నివాస ధ్రువపత్రం తహసీల్దార్ ఇవ్వాలి. ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో దరఖాస్తు పెట్టవచ్చు. "పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం" అని నోటిమాటగా చెబితే ఎవరూ రాసివ్వరు. ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు ఏడాదివారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి.

తెలంగాణలో నిబంధనలు 2024 తర్వాత మరింత గట్టిపడ్డాయి. మెడికల్ సీట్లకు వరుసగా నాలుగేళ్ళు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. కాబట్టి తెలంగాణ కుటుంబాలు ఎన్ఐఓఎస్ సెంటర్‌ను పొరుగు రాష్ట్రంలో తీసుకోవద్దు. బంధువులున్నారని విజయవాడలోనో, బెంగళూరులోనో పెట్టించి తర్వాత బాధపడవద్దు. మెడిసిన్ ఖాయంగా అనుకుంటే తొమ్మిది నుంచే ఈ షరతు దృష్టిలో పెట్టుకోండి. అవసరమైతే తొమ్మిదికే బడిలో చేర్పించడం తప్పేమీ కాదు.

కుల ధ్రువపత్రం విషయంలో ఏం చేయాలి?

నిజాయితీగా ఉండండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే. క్రైస్తవ్యంలోకి వచ్చిన ఎస్సీ కుటుంబాలకు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు. ఆదివారం ఆరాధనకు వెళ్తూ కాగితంలో మరో మతం రాయించుకుంటే సీటు మధ్యలో పోయే ప్రమాదం ఉంది, పిల్లల మనస్సాక్షి మీద పడే బరువు అంతకన్నా పెద్దది. పిల్లలు ఇలాంటివి గమనిస్తారు. బీసీ-సీ పత్రం, ఆదాయ పత్రం పన్నెండు పరీక్షలకు ముందే తెచ్చి పెట్టుకోండి.

క్రైస్తవ కాలేజీలకే పంపాలా?

అక్కర్లేదు, కానీ అవీ చూడండి. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నుంచి ఉంది. విజయవాడలో ఆంధ్రా లయోలా, మారిస్ స్టెల్లా, హైదరాబాద్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల, సికింద్రాబాద్ వైపు లయోలా అకాడమీ, తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అందరికీ తెలిసినవే. మైనారిటీ కాలేజీల్లో క్రైస్తవ విద్యార్థులకు కొన్ని సీట్లు ఉంటాయి. దానికి బాప్తిస్మ పత్రం, పాస్టర్ గారి ఉత్తరం అడుగుతారు. సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర, తేదీ లేని ఉత్తరాన్ని చాలాచోట్ల పక్కన పెడతారు. డిగ్రీ ప్రవేశాలు తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతాయి. కొన్ని మైనారిటీ కాలేజీలు దాని బయట సొంతంగా తీసుకుంటాయి కాబట్టి ఆ కాలేజీల గడువు తేదీలు విడిగా చూసుకోండి.

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి నీట్ రాయడంతో పని అయిపోదు. కాలేజీకి వేరే దరఖాస్తు పెట్టాలి. సంఘాల స్పాన్సర్‌షిప్ సీట్లకు మీ సంఘం గాని, మిషన్ గాని ఆ జాబితాలో ఉండాలి, కోర్సు తర్వాత నిర్ణీత కాలం వాళ్ళు పంపిన చోట పనిచేస్తామని ఒప్పుకోవాలి. స్పాన్సర్‌షిప్ వచ్చేది సంఘంలో ఆ పిల్లలను ఎరిగినవాళ్ళు ఉన్నప్పుడే, దరఖాస్తుకు నెల ముందు అడిగితే కాదు.

ఇక మా అభిప్రాయం. గేటు మీద సిలువ ఉందని కాలేజీని ఎంచుకోవద్దు. కోర్సు, అధ్యాపకులు, ఖర్చు, దగ్గర్లో మంచి సంఘం, ఈ నాలుగూ చూడండి. దానియేలు చదివింది బబులోను భాష, విద్యలే. అతన్ని నిలబెట్టింది వెళ్ళకముందే ఇంట్లో కుదిరిన నిశ్చయం.

ఇంటర్ రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే?

ఎన్ఐఓఎస్ పది మెమోతో ఇంటర్‌లో చేరవచ్చు. కానీ తన వేళలు తానే పెట్టుకుని చదివిన పిల్లను తెల్లవారుజాము నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు నడిచే హాస్టల్లో ఒక్కసారిగా పడేస్తే ఎక్కువమంది తట్టుకోలేరు. ఆదివారాలు కూడా పరీక్షలు పెట్టే చోట్లు ఉన్నాయి. పంపాలనుకుంటే మొదటి ఏడాది డే స్కాలర్‌గా పంపండి. ఆర్ట్స్ గ్రూపులకైతే ఇంటర్ బోర్డు హాజరు మినహాయింపుతో ప్రైవేటుగా రాయనిస్తుంది, ఆ దారీ ఉంది.

పరీక్ష ఆదివారం పడితే?

నీట్, జేఈఈ అడ్వాన్స్‌డ్ సాధారణంగా ఆదివారాలే జరుగుతాయి. రోజు మార్చరు. పన్నెండో తరగతి మొదట్లోనే కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోండి. చాలా సంఘాల్లో ఆ రోజు ఉదయం ఆరుకే ప్రార్థన పెట్టి పిల్లలను పంపుతారు, మీ పాస్టర్ గారిని అడిగితే కాదనరు. పరీక్ష ముందురోజు రాత్రి మొదటిసారి ఈ ప్రశ్న లేస్తే మాత్రం పిల్ల నలిగిపోతుంది. విశ్రాంతి దినం శనివారం పాటించే కుటుంబాలు జేఈఈ మెయిన్ షిఫ్టుల గురించీ ఇలాగే ముందు ఆలోచించుకోవాలి.

హాస్టల్లో విశ్వాసం నిలుస్తుందా అన్నదే మా భయం.

ఆ భయం మాకు అర్థమవుతుంది. మేం గమనించినంతవరకు తడబడేది వాక్యం తెలియని పిల్లలు కాదు. అమ్మ లేపితేనే ప్రార్థనకు లేచిన పిల్లలు. కుటుంబ ప్రార్థన ఇంట్లో ఉన్నంతకాలం వాళ్ళను మోస్తుంది, హాస్టల్లో అది ఉండదు. కాబట్టి పదహారో ఏట బాధ్యత మార్చండి. పొద్దున లేపడం మానేయండి. వారంలో రెండు రోజులు కుటుంబ ప్రార్థన వాళ్ళనే నడిపించమనండి. ఏ భాగం చదవాలో వాళ్ళే ఎంచుకోవాలి. కొన్ని రోజులు తప్పిపోతారు. తప్పిపోనివ్వండి, ఇంట్లో ఉండగా తప్పితే పక్కన మీరున్నారు.

రెండోది, ప్రశ్నలు. దేవుడున్నాడా, మిగతా మతాలవాళ్ళ సంగతేమిటి, బైబిలును ఎందుకు నమ్మాలి అని రూమ్మేట్ రాత్రి పదకొండింటికి అడుగుతాడు. అదే ప్రశ్న మొదట మీ భోజనం బల్ల దగ్గర రావాలి. అడిగినందుకు కసరకండి. జవాబు తెలియకపోతే తెలియదనండి, ఇద్దరూ కలిసి వెతకండి.

మూడోది, కాలేజీలో తప్పకుండా ఎదురయ్యేవి: వినాయక చవితి పందిరి, సరస్వతీ పూజ, ఆయుధ పూజ రోజు ల్యాబ్‌లో పసుపు కుంకుమ, చేతిలో పెట్టే ప్రసాదం. పొట్టేళ్ళు, చందాలు, తీర్థాలు పల్లెలో చూసిన పిల్లలకు కొంత అలవాటు ఉంటుంది, ఇల్లు దాటని పిల్లలకు ఉండదు. 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు, రోమీయులకు 14 కలిసి చదివి, ఎక్కడ వెళ్తారు, ఎక్కడ ఆగుతారు, ఆగినప్పుడు ఏ మాటతో చెబుతారు అన్నది ముందే పలికించండి. "నాకు వద్దురా, ఏమనుకోకు" అని నవ్వుతూ చెప్పగలిగితే చాలు, స్నేహం పోదు. పక్కవాడి దేవుణ్ణి కించపరిచే మాట మీ ఇంట్లో వినబడితే పిల్లలు దాన్నే హాస్టల్‌కు మోసుకెళ్తారు. అది విశ్వాసానికి సాక్ష్యం కాదు.

చేరిన మొదటి రెండు ఆదివారాల్లోనే అక్కడ ఒక సంఘం చూసుకోవాలి. ఇంటి సంఘం ఆరాధనను ఫోన్లో చూడటం తాత్కాలికమే. మూడో నెల వచ్చేసరికి అదీ ఆగిపోతుంది. చాలా ఊళ్ళలో యూఈఎస్ఐ విద్యార్థుల కూడికలు ఉంటాయి. 1954 నుంచి పనిచేస్తున్న క్రైస్తవ విద్యార్థి సంస్థ అది. చేరకముందే అక్కడి కూడిక స్థలం, సమయం కనుక్కోండి. సీనియర్ ఒకరు స్టేషన్‌కు వచ్చి కలిసినా ఎంతో ధైర్యం.

మా అబ్బాయి పన్నెండు అవగానే సేవకు వెళ్తానంటున్నాడు.

సంతోషించండి, తొందరపడకండి. సేరంపూర్ సెనేట్ ఇచ్చే వేదాంత పట్టా బీడీకి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) మామూలుగా డిగ్రీ ముందుండాలి. డిగ్రీ మూడునాలుగేళ్ళు చదువుతూ సండే స్కూలు, యవ్వనస్థుల కూడిక, ఆస్పత్రి సందర్శన బాధ్యత తీసుకోమనండి. పిలుపు నిజమైతే ఆ పనిలో గట్టిపడుతుంది.

చదువు మీద ఆసక్తి లేని పిల్లల సంగతి?

పది తర్వాత పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చేయవచ్చు, ఆ తర్వాత ఈసెట్ అనే పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పదిలో గణితం తీసుకుని ఉండాలి, అందుకే ఎన్ఐఓఎస్ సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు భయపడి గణితం వదిలేయవద్దు. ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కూడా గౌరవమైన బతుకే.

ఇల్లు విడిచేలోగా ఏ పనులు రావాలి?

అన్నం, పప్పు, ఒక కూర. బట్టలు ఉతుక్కోవడం. ఒంటరిగా రైలు టికెట్ తీసి ప్రయాణం చేయడం. జ్వరమొస్తే డాక్టర్ దగ్గరకు తానే వెళ్ళి లక్షణాలు చెప్పుకోవడం. డబ్బు విషయం మాత్రం ఒక ఏడాది ముందే మొదలుపెట్టాలి. తన పేర ఖాతా తెరిచి, నెల ఖర్చు మొత్తం ఒకటో తారీఖున చేతికివ్వండి: ఫోన్ రీచార్జి, బస్సు, సబ్బులు, పుస్తకాలు, దశమభాగం అన్నీ అందులోనే. ఇరవయ్యో తారీఖుకు అయిపోతే మళ్ళీ వేయకండి. ఇంట్లో పది రోజులు ఇబ్బందిపడితే హాస్టల్లో అప్పు చేయరు. ఓటీపీ అడిగితే ఇవ్వకూడదని, మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలని నేర్పండి.

కాగితాల్లో, 15 ఏళ్ళప్పుడు ఆధార్ బయోమెట్రిక్ తప్పనిసరిగా మార్పించాలి, లేకపోతే పరీక్ష కేంద్రంలో వేలిముద్ర పడకపోవచ్చు. 17 నిండాక ఓటుకు ఫారం 6 ముందుగానే ఇవ్వవచ్చు. 18కి డ్రైవింగ్ లైసెన్సు. కాలేజీలో చేరేటప్పుడు ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రం విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ఇవ్వాలి. ర్యాగింగ్ ఫిర్యాదుల నంబరు 1800-180-5522 పిల్లల ఫోన్లో ఉండాలి. బడిలో ఎన్నడూ ఏడిపింపు ఎరగని పిల్లలు మొదట్లో అది ర్యాగింగ్ అని కూడా గుర్తించరు.

టీసీ అడిగితే ఏమివ్వాలి?

ఎన్ఐఓఎస్ మార్కుల మెమోతోపాటు మైగ్రేషన్ కమ్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఇస్తుంది. అదే టీసీ. క్లర్కు కాదంటే గొడవపడకుండా ప్రిన్సిపాల్ గారిని కలవండి. అసలు కాగితం ఇచ్చేముందు నాలుగు నకళ్ళు తీసి పెట్టుకోండి.

మేం అమెరికాలో ఉంటాం. మాకు ఏం మారుతుంది?

అక్కడ హోమ్‌స్కూలింగ్ 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ట్రాన్స్‌క్రిప్ట్, అంటే చదివిన కోర్సులు, గ్రేడ్ల పట్టిక, మీరే తయారుచేయాలి. సుమారు 120 గంటల పనిని ఒక క్రెడిట్‌గా లెక్కిస్తారు. ప్రతి కోర్సుకు వాడిన పుస్తకాలు, రాసిన పేపర్లు తొమ్మిదో తరగతి నుంచే నమోదు చేయండి, పన్నెండులో గుర్తుతెచ్చుకుని రాస్తే అతుకులు కనబడతాయి. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ అప్లికేషన్‌లో కౌన్సెలర్ భాగం తల్లో తండ్రో నింపుతారు, అందుకే ఉపాధ్యాయ సిఫారసులు బయటివాళ్ళవి ఉండాలి. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షలు మేలో ఉన్నా, రాయనిచ్చే బడిని శరదృతువు మొదట్లోనే వెతుక్కోవాలి.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. 21 నిండేసరికి గ్రీన్‌కార్డు రాకపోతే ఆ హోదా పోతుంది, ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. డిగ్రీ మూడో ఏట ఆ పుట్టినరోజు వస్తుంది. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట పిల్లలకు పంతొమ్మిదేళ్ళప్పుడే జరగాలి.